పసిబిడ్డ వీపు మీద సూదిబెజ్జం



పసిపిల్లలకు నీళ్లు పోసేటప్పుడు కాళ్లు చాపుకు కూర్చుని, బిడ్డను బోర్లా వేసుకుని, నూనె రాసి, నలుగుపెట్టి వీపు రుద్దుతాం కదా! ఈసారి మెడ నుంచి పిరుదుల దాకా వెన్నెముక వెంట కాస్త పరీక్షగా చూడండి. సరిగ్గా నడిమధ్యన సూదిమొనంత బెజ్జంగాని, వెంట్రుకల కుచ్చుగాని, ఎర్రని మచ్చగాని, మెత్తని బొడిపెగాని ఉంటే "పుట్టుమచ్చేలే" అని ఊరుకోకండి.

ఎందుకంటారా? తల్లికడుపులో మూడు, నాలుగు వారాల పిండంలో చర్మమూ, వెన్నుపామూ ఒకే పొర నుంచి ఏర్పడి, తర్వాత వేరుపడతాయి. ఎక్కడైనా సరిగా వేరుపడకపోతే అక్కడ సన్నని గొట్టంలాంటి దారి మిగిలిపోతుంది. దాని ఒక కొస చర్మం మీద ఉంటుంది. రెండో కొస ఒక్కొక్కప్పుడు వెన్నుపాము దాకా పోతుంది. ఇది అరుదైన లోపమే. కాని ఉన్నవాళ్లకు అది క్రిములు చొరబడే దొడ్డిదారి. పైగా ఎక్కువగా నడుము కిందే ఉంటుంది కనుక, లంగోటీ తడీ, మలమూత్రాలూ తగులుతూనే ఉంటాయి. క్రిములు లోపలికి పోతే మెదడు పొరలు వాచే జబ్బు, అదే మెనింజైటిస్, రావచ్చు. వెన్నులో చీముగడ్డ కట్టవచ్చు. అప్పుడు జ్వరం, వాంతులు, ఎత్తుకుంటే కెవ్వుమని ఏడవడం, కాళ్లు ఆడించకపోవడం, నడిచే పిల్లవాడు నడవననడం కనిపిస్తాయి. అటువంటప్పుడు ఒక్కపూట కూడా ఆగకుండా ఆస్పత్రికి పరుగెత్తాలి. మెనింజైటిస్ తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తే, బిడ్డ వీపు చూడమని డాక్టరుగారిని మీరే అడగండి.

అలాగని ప్రతి గుంటకూ బెంబేలు పడనక్కరలేదు. ఆసనానికి కాస్త పైన, పిరుదుల చీలికలో, అడుగు కనిపించే చిన్న గుంట చాలామంది పిల్లలకు ఉంటుంది. దానివల్ల హాని లేదు. చీలికకు పైన ఉన్నా, రసి కారుతున్నా అశ్రద్ధ చేయకూడదు.

ఆ బెజ్జాన్ని నొక్కకండి. పుల్లతో పొడవకండి. పసుపు, వేపాకు ముద్ద కూరకండి. మందులతో రసి ఆరిపోయిందని సంతోషించకండి, దారి లోపల అలాగే ఉంటుంది. మొదటి మూడు, నాలుగు నెలల్లో వెన్ను ఎముకలు ఇంకా గట్టిపడవు కనుక అల్ట్రాసౌండ్‌తో లోపల చూడవచ్చు. సందేహం తీరకపోయినా, బిడ్డ పెద్దదైనా ఎమ్మారై తీస్తారు. దారి ఉందని తేలితే ఆపరేషన్ చేసి మొత్తం తీసేస్తారు. క్రిములు చేరకముందే చేయించడం అన్నివిధాలా మంచిది. కాళ్లు ఒకసారి చచ్చుబడితే మళ్లీ పూర్తిగా బలం వస్తుందని చెప్పలేం.

రోజూ నీళ్లు పోసే చేతులు మనవి. ముందుగా కనిపెట్టవలసిన కళ్లూ మనవే.