అంతరిక్ష నివాసము – శ్రామికుని ప్రాణము
(తట్టాంచావడి పారిశ్రామిక వాడలో జరిగిన కార్మిక సభలో చేసిన ప్రసంగ పాఠము)



యంత్రాల మధ్య పనిచేసే మనకు అంతరిక్షంతో ఏమి సంబంధమని కొందరు అడుగవచ్చును. ఇదే సముద్ర తీరాన, మనకు ఉత్తరంగా శ్రీహరికోట ఉన్నది. అక్కడి నుండి మనుషులను 400 కిలోమీటర్ల ఎత్తున గల కక్ష్యకు పంపుటకు గగన్‌యాన్ పథకం సిద్ధమవుతున్నది. 2035 నాటికి మన సొంత అంతరిక్ష కేంద్రాన్ని నెలకొల్పుతామని ప్రభుత్వం ప్రకటించినది. మనిషి పనిచేసే ప్రతి చోటా మూడు ప్రశ్నలు తప్పవు: ఎన్ని గంటలు, ఎంత ప్రమాదం, ఎవరి నిర్ణయం?

మొదటిది పనిగంటలు. 1936 జూలై 30న ఈ పుదుచ్చేరి గడ్డ మీద 12 మంది మిల్లు కార్మికులు తుపాకి గుండ్లకు బలియైనారు. పనిగంటల పరిమితి మనకు దానంగా రాలేదు. 1973లో స్కైలాబ్ కేంద్రంలో 84 దినాలు నివసించిన ముగ్గురు వ్యోమగాములకు భూమి మీది అధికారులు విశ్రాంతి లేకుండా పనులు నిర్ణయించారు. డిసెంబరు చివర ఉభయులూ దాపరికం లేకుండా మాట్లాడుకొనగా, పనుల పట్టిక మారినది. దీనిని పత్రికలు సమ్మె అన్నవి, సమ్మె కాదని వ్యోమగాములు అన్నారు. పేరు ఏదైనా పాఠం ఒక్కటే: పనిచేసేవానిని అడుగకుండా పని పరిమాణాన్ని నిర్ణయించరాదు.

రెండవది ప్రమాదం. "వారు ఇష్టపడియే వెళ్తున్నారు కదా" అని వాదించేవారున్నారు. విషవాయువుల మధ్య ముసుగు లేకుండా పనిచేసే కార్మికుడు కూడా ఇష్టపడియే వచ్చెనని యజమాని చెప్పును. ఉన్న సంగతి అంతా తెలిసి, కాదన్నా నష్టం లేనప్పుడే అది నిజమైన సమ్మతి. భారరహిత స్థితిలో ఎముకలు నెలనెలా క్షీణించును, రేడియేషన్ తాకిడి పెరుగును. 8 దినాల పనికని 2024 జూన్‌లో వెళ్లిన ఇద్దరు వ్యోమగాములు 2025 మార్చిలో గాని తిరిగి రాలేదు.

మూడవది నిర్ణయం. 1986 జనవరిలో చలికి రబ్బరు వలయాలు పనిచేయకపోవచ్చునని ఇంజనీర్లు ముందు రాత్రియే హెచ్చరించారు. వారి మాటను నిర్వాహకులు త్రోసిపుచ్చారు. మరునాడు ఛాలెంజర్ పేలి 7గురు మరణించారు. దీనికి భిన్నమైన సంఘటన శ్రీహరికోటలోనే జరిగినది. 2023 అక్టోబరు 21న, వ్యోమగాములను కాపాడే ఏర్పాటును పరీక్షించునపుడు, ప్రయోగానికి 5 సెకన్ల ముందు కంప్యూటరు దానిని నిలిపివేసినది. లోపం సరిచేసిన పిమ్మటనే రాకెట్టు లేచినది. యంత్రానికి ఇచ్చిన ఆ అధికారం మనిషికి కూడా ఉండవలెను.

నేల మీద పనిచేసేవారిని మరువరాదు. ఆ దీవిలో నివసించిన యానాదులు ప్రయోగ కేంద్రం కొరకు తావులు వదలవలసి వచ్చినది. 2004 ఫిబ్రవరిలో అక్కడ ఘన ఇంధన విభాగంలో జరిగిన ప్రమాదంలో 6గురు మరణించారు. వ్యోమగామికి జరిగే సన్మానంలో వీరికి భాగం లేదు.

పేద దేశానికి ఇది అవసరమా? తుఫాను సూచన, వార్తా ప్రసారం వంటి మేలులన్నీ మనిషి ఎక్కని ఉపగ్రహాల వలననే కలిగినవి. వాటిని చూపి మానవ యాత్రను సమర్థించుట సరికాదు. విజ్ఞానాన్వేషణయే దాని కారణం కావలెను. మేము ఆ అన్వేషణను నిరాకరించుట లేదు. అయితే విజ్ఞానానికి పండుగ తేదీలతో పని లేదు. 2018లో ప్రకటించిన 2022 గడువు దాటినందుకు సిగ్గుపడనక్కరలేదు, భద్రత కొరకు చేసే ఆలస్యం గౌరవమే.

కావున మేము కోరునవి ఇవి: వెళ్లే వారికి సమస్త సమాచారం, శిక్ష లేకుండా నిరాకరించే హక్కు, తిరిగి వచ్చే మార్గం సిద్ధంగా ఉంచుట, యావజ్జీవ వైద్యం. నేల మీద రాకెట్టుకు ఇంధనం నింపే కాంట్రాక్టు కార్మికునికి సైతం అంతటి భద్రతయే ఉండవలెను. ప్రాణం పైనున్నా క్రిందనున్నా వెల ఒక్కటే.