న్యాయస్థానము ముందు సంఘము ఎట్లు నిలుచును?

(శతాబ్ది సదస్సునందు గురువుల, సంఘపెద్దల యెదుట చేసిన ప్రసంగము)



సంఖ్యాకాండము 27వ అధ్యాయములో సెలోపెహాదు కుమార్తెలు అయిదుగురు మోషే యెదుట నిలిచి, కుమారులు లేక చనిపోయిన తమ తండ్రి స్వాస్థ్యము తమకు రావలెనని అడిగిరి. ఆ భూమి ఎవరిదను ప్రశ్నకు ముందు, ఆ స్త్రీలు అక్కడ నిలిచి అడుగుటకు తగినవారా అను ప్రశ్న ఉన్నది. హక్కు కలిగియుండుట ఒకటి. దానిని అడుగుటకు అర్హత కలిగియుండుట వేరొకటి. ఈ భేదమునుగూర్చియే నేడు మాటలాడ గోరుచున్నాను.

మన పల్లె సంఘమొకదానిని తలంచుడి. నలుబది కుటుంబములు కూలి చేసి, తట్టలు మోసి మందిరము కట్టుకొన్నవి. ప్రక్కనే సమాధుల తోట. స్థలమిచ్చిన ఆసామి నోటిమాటగా ఇచ్చినాడు. రెండు తరములు గడచిన తరువాత ఎవరో వచ్చి సమాధుల తోటలో కంచె నాటుదురు. పెద్దలు పరుగున పట్టణమునకు పోయి, "ఫలాని గ్రామ క్రైస్తవ సంఘము" అను పేరుతో దావా వేయింతురు. ఎదుటి వకీలు మొదట స్థలమునుగూర్చి అడుగడు. "ఈ వాది ఎవరు?" అని అడుగును. ఆ ప్రశ్నకు జవాబు లేనియెడల, న్యాయమైన దావా కూడ ఆరంభములోనే చిక్కున పడును.

ఇందుకు కారణమేమి? అపొస్తలుడైన పౌలు బోధ ప్రకారము మనము అనేకులమైనను ఒక్క శరీరము. అయితే కోర్టు దృష్టిలో రిజిస్టరు కాని సంఘము ఒక వ్యక్తి కాదు. అది సభ్యుల సమూహము మాత్రమే. 1908 సంవత్సరపు సివిల్ ప్రొసీజర్ కోడులో కంపెనీల వంటి సంస్థలకు 29వ ఆర్డరు, భాగస్వామ్య వ్యాపారములకు 30వ ఆర్డరు ఉన్నవి. రిజిస్టరు కాని సంఘము కేవలము తన పేరుతో దావా వేయుటకు అట్టి ఆర్డరు లేదు.

హిందూ దేవాలయములోని విగ్రహమును చట్టము వ్యక్తిగా ఎంచునని ప్రీవీ కౌన్సిలు 1925లో స్పష్టము చేసినది. సిక్కుల గురు గ్రంథ్ సాహిబ్‌ను అట్టి వ్యక్తిగా సుప్రీముకోర్టు 2000లో అంగీకరించినది. మనమైతే దేవుడు హస్తకృత్యములైన ఆలయములలో నివసింపడని నమ్ముదుము. గనుక మన పక్షమున మనుష్యులే నిలువవలెను. వారెవరు? చట్టము మూడు ద్వారములు తెరచియున్నది.

మొదటిది, కోడులోని 1వ ఆర్డరు 8వ రూలు. ఒకే ప్రయోజనముగల అనేకుల పక్షమున, కోర్టు అనుమతితో, ఒకరు లేక కొందరు దావా వేయవచ్చును. దావా సంగతి అందరికిని నోటీసు ద్వారా, అది వీలు కానప్పుడు పత్రికా ప్రకటన మొదలైన విధముల ద్వారా తెలియజేయవలెను. తీర్పు వారందరిని బంధించును. 1976 సవరణ ప్రకారము అందరికి నోటీసు లేనిదే ఆ దావాను విడిచిపెట్టుటకుగాని, రాజీపడుటకుగాని కోర్టు అనుమతింపదు. పేద సంఘములకు ఇది గొప్ప కాపుదల. ఇద్దరు పెద్దలు చీకటిలో సంతకములు చేసి సమాధుల తోటను అప్పగింపకుండ ఈ రూలు అడ్డుపడును.

రెండవది, రిజిస్ట్రేషను. 1860 సంవత్సరపు కేంద్ర చట్టము క్రింద సొసైటీ తన నియమములలో నిర్ణయించిన అధ్యక్షుడు, కార్యదర్శి లేక ట్రస్టీల పేరున దావా వేయవలెను. 2001లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ చట్టము రిజిస్టరైన సొసైటీకి తన పేరుతోనే దావా వేయు శక్తినిచ్చినది.

మూడవది, కోడులోని 92వ సెక్షను. ధర్మకార్యమునకైన ట్రస్టు ఆస్తిని ధర్మకర్తలే పాడుచేసినప్పుడు, ఆ ట్రస్టునందు ఆసక్తిగల ఇద్దరు లేక అంతకంటె ఎక్కువమంది కోర్టు అనుమతితో లెక్కలు అడుగవచ్చును, ధర్మకర్తను తొలగింపుమని కోరవచ్చును.

ఇక మన సంగతి. దక్షిణ ఇండియా సంఘము 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఏర్పడినది. ఆస్తుల నిమిత్తము అదే సంవత్సరము ట్రస్టు అసోసియేషను కంపెనీల చట్టము క్రింద రిజిస్టరైనది. సంఘము ఆరాధించును, అసోసియేషను దస్తావేజులలో నిలుచును. గనుక దస్తావేజు అసోసియేషను పేరున ఉన్నయెడల, దాని నుండి అధికార పత్రము పొందినవారే యాజమాన్యమునుగూర్చి దావా వేయవలెను. పాస్టరేటు కమిటీ తీర్మానము ఎంత గట్టిదైనను ఆ అధికార పత్రమునకు బదులు కాదు. స్థానికముగా వేరొక సొసైటీ రిజిస్టరు చేసికొన్నందున ఆ ఆస్తి దాని పేరునకు మారదు. చీలిక మాత్రము రావచ్చును.

చీలిక ఎంత దూరము పోవునో కేరళలోని మలంకర సంఘ వివాదము చూపుచున్నది. సుప్రీముకోర్టు 1995లో తీర్పు చెప్పినను వివాదము నిలువలేదు. ప్రతినిధుల దావాలో వచ్చిన ఆ తీర్పు అందరిని బంధించునని అదే కోర్టు 2017లో మరల చెప్పవలసి వచ్చినది. కొందరు వేసిన దావా అందరి మెడమీద కాడి కాగలదని గ్రహింపుడి.

"సహోదరుడు సహోదరునితో వ్యాజ్యెమాడుట తగునా?" అని మీరు అడుగవచ్చును. కొరింథీయులను పౌలు ఈ విషయమై గద్దించెను. అయితే అదే పౌలు అన్యాయము ఎదురైనప్పుడు రోమా పౌరుడుగా కైసరు ఎదుట చెప్పుకొందునని పలికెను. ఒకరి పదవికై మరియొకరు కోర్టుకెక్కుట వేరు. నోరులేనివారి సమాధులను కాపాడుట వేరు. మొదటిదానికి ఇంతగా డబ్బు ఖర్చుచేసి, రెండవదానికి నోరు మెదపకుండుట మనకు తగదు.

చేయవలసిన పనులు కొన్ని గలవు. ప్రతి పాస్టరేటు తన మందిరముల, సమాధుల తోటల దస్తావేజులు ఎవరి పేరున ఉన్నవో ఈ సంవత్సరమే చూచుకొనవలెను. నోటిమాటపై వచ్చిన స్థలమునకు దాత వారసులు జీవించియుండగనే రిజిస్టరు దస్తావేజు పొందవలెను. స్థిరాస్తి దానమునకు అది అవసరము. సభ్యుల పట్టీ, మినిట్సు పుస్తకము, పన్ను రసీదులు, సమాధుల రిజిస్టరు భద్రపరచవలెను. అన్యాక్రాంతమైనప్పుడు ఆలస్యము చేయరాదు. సాధారణముగా పండ్రెండు సంవత్సరములు ఊరకుండినయెడల హక్కే నశింపవచ్చును. దావా వేయుటకు ముందు ప్రతి ఇంటికి సంగతి తెలియజేయవలెను, విధవరాలి ఇంటికి కూడ.

యెరూషలేము ముట్టడిలో ఉండగనే యిర్మీయా అనాతోతులోని పొలము కొని, సాక్షుల సంతకములు వేయించి, క్రయపత్రములను మంటికుండలో పెట్టించెను. రాబోవు దినములయందలి నిరీక్షణ అతనికి ఉండెను; అందుకే కాగితములయందు శ్రద్ధ చూపెను. మన తండ్రులు మనకు మందిరములు ఇచ్చిరి. మన పిల్లలకు మందిరములతోకూడ ఆ మంటికుండలను అప్పగింతము గాక. ఆమేన్.