పత్తిచేల నడుమ పెరటి బెండ

నిర్మల్ నుండి ఆదిలాబాదు పోవు జాతీయ రహదారిపై నున్నది మా ఇచ్చోడ. ఊరు దాటినంతనే నాలుగు దిక్కుల నల్లరేగడి. ఆ రేగడిలో కంది, జొన్న, సోయా పండుచున్నను కంటికి ఎక్కువగా కనబడునది పత్తియే. ఇట్టి చోట ఇంటి వెనుక నాలుగు మడులు కట్టి కూరగాయలు పండించువారికి ఒక చిక్కు కలదు. దానిని గూర్చియు, దానికి మేము నేర్చుకొన్న విరుగుడును గూర్చియు నాలుగు మాటలు చెప్పుదుము.

బెండయు పత్తియు ఒకే కుటుంబమునకు చెందిన మొక్కలు. రెంటి పూలను పక్కపక్కన నుంచి చూచినచో ఆ చుట్టరికము పిల్లలకు సైతము తెలియును. ఇక పురుగులకు తెలియకుండునా? పత్తి ఆకు రసమును పీల్చు పచ్చదోమ, తెల్లదోమ బెండ మీదికిని వచ్చును. పత్తి కాయను తొలుచు మచ్చల పురుగు బెండకాయను గూడ తొలుచును. మన దేశమున 2002లో అనుమతి పొందిన బీటీ పత్తి కాయతొలుచు పురుగుల కొరకు చేసినదే గాని రసము పీల్చు దోమలను ఆపునది కాదు. పెరటి బెండకు ఆ పాటి కవచమును లేదు.

ఒక యేడు మేము పెద్ద పొరపాటు చేసితిమి. బెండ చిగుళ్లు వాలిపోవుట చూచి, పత్తికి తెచ్చి మిగిలిన మందును ఆ పంపుతోనే పెరటిలో కొట్టితిమి. పురుగు చచ్చినది. మరునాటి ఉదయము మా ఇంటి చిన్నది అలవాటు చొప్పున పచ్చి బెండకాయ నొకటి తెంపుకొని నోటి వద్దకు తీసికొనుచుండెను. పరుగున పోయి లాగికొంటిమి. అప్పుడు గాని మాకు కనువిప్పు కలుగలేదు. పత్తిని మనము తినము. బెండను రెండు మూడు దినముల కొకసారి కోసి తినవలెను. కోతకును కోతకును నడుమ విషము విరుగునంత వ్యవధి ఎక్కడిది? ఆ మడిలోని మొక్కలన్నిటిని పీకి, దూరముగా గోయి తీసి పూడ్చితిమి.

ఇది ఒక ఇంటి భయము మాత్రమే కాదు. మోనోక్రోటోఫాస్ అను మందును కూరగాయలపై వాడరాదని కేంద్ర ప్రభుత్వము 2005లోనే నిషేధించినది. 2013లో బీహారు రాష్ట్రమున ఒక పాఠశాల మధ్యాహ్న భోజనములో ఆ మందే కలిసి 23 మంది పిల్లలు మరణించిరి. కావున మందు డబ్బా ఖాళీ అయినను దానిని వంటయింటి గడప దాటనీయరాదు. పత్తికి వాడిన పంపును పెరటిలోనికి తేరాదు.

మరి పురుగును ఆపుట యెట్లు? మొదట నేలను చూడవలెను. రేగడి నీటిని విడువదు. మడిని జానెడు ఎత్తుగా కట్టినచో వానకు వేళ్లు కుళ్లవు. బాగుగా చివికిన పశువుల ఎరువు వేయవలెను. పచ్చిపేడ చెదలను పిలుచును. యూరియా ఎక్కువైనచో ఆకు లేతదై, రసము పీల్చు పురుగులకు విందగును.

రెండవది, ఉదయము పావుగంట సేపు మొక్కల నడుమ తిరుగవలెను. ఆకు నడుగు వైపు త్రిప్పి చూచుట ముఖ్యము. దోమలు చేరునది అచ్చటనే. చిగురు వాలినదన్న లోపల మచ్చల పురుగున్నదని గుర్తు. వాలిన చోటికి రెండు వ్రేళ్ల క్రింద తుంచి, చిగుళ్లను, పుచ్చుకాయలను సబ్బునీటిలో ముంచవలెను; పెంటకుప్పపై పారవేయరాదు. ఈనెలు పసుపు పచ్చనైన మొక్కను వెంటనే పీకివేయవలెను. అది తెల్లదోమ మోసికొని తిరుగు తెగులు, దానికి మందు లేదు. పసుపు రంగు వేసిన రేకుకు ఆముదము పూసి మొక్కల ఎత్తున కట్టినచో తెల్లదోమ దానికి అంటుకొనును.

మూడవది వేప. 1962లో ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు, వేపగింజల నీళ్లు చల్లిన పైరును మిడతల దండు ముట్టకుండుట గమనించిరి. ఆ గుణమునకు మూలమైన అజాడిరాక్టిన్ అను పదార్థమును 1968లో ఇంగ్లండు శాస్త్రజ్ఞులు వేరుచేసిరి. ఇంట చేసికొను పద్ధతి సులభము. 50 గ్రాముల వేపపప్పును దంచి, గుడ్డలో మూటకట్టి, లీటరు నీటిలో రాత్రియంతయు నానవేయవలెను. మరునాడు పిండి, వడగట్టి, కొంచెము కుంకుడుకాయ రసము కలిపి, ప్రొద్దు వాలిన పిమ్మట ఆకుల రెండు వైపుల తడియునట్లు చల్లవలెను. ఎండకు దాని బలము తగ్గును గనుక సాయంకాలమే తగినది. వారము పది దినములకు మరల చల్లవలెను. పురుగు వెంటనే చావలేదని తొందరపడరాదు. వేప పురుగుకు మేత చేదు చేయును, కుబుసము విడువకుండ అడ్డును. దాని పని నెమ్మదిగా సాగును.

ఇంకొక హెచ్చరిక. చెట్టు నుండి వచ్చినదెల్ల హానిలేనిది కాదు. పొగాకు కషాయము మనిషికిని విషమే; పిల్లలున్న ఇంట దాని జోలికి పోకుండుట మేలు. అట్లే కనబడిన పురుగునెల్ల చంపరాదు. ఎర్రని వీపుపై నల్లచుక్కలు గల అక్షింతల పురుగు పేనుబంకను తిను మన స్నేహితుడు. దాని పిల్ల చిన్న మొసలివలె వికారముగ నుండును. తెలియక మేమే ఎన్నింటినో నలిపివేసితిమి.

ఇవన్నియు చేసినను కొన్ని కాయలు పుచ్చును. పుచ్చిన ముక్క కోసి పారవేసి మిగిలినది కూరకు వాడుకొందుము. అంగడికి పంపు కాయకు నిగనిగలు కావలెను గాని ఇంటి కూరకు అక్కరలేదు.

వేసవి చివర, తొలివానల వేళ, వేపపండ్లు రాలును. అప్పుడు ఒక బుట్టెడు ఏరి, గుజ్జు కడిగి, గింజలను నీడను ఆరబెట్టి, గుడ్డసంచిలో దాచుకొనుడు. యేటి పొడవున మీ పెరటికి కావలసిన మందు అందులోనే ఉండును. మా ఇంటి చిన్నది ఇప్పుడు మరల పచ్చి బెండకాయ కొరుకుచు పెరటిలో తిరుగుచున్నది. మేము ఆపుట లేదు.