ఎదుటి మనిషి ఎలాంటివాడు?
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నాకిచ్చిన సమయం ఇరవై నిమిషాలు. డి.ఎ. బకాయిల గురించి మాట్లాడవలసిన మిత్రులు నా తర్వాత ఉన్నారు కనుక ఎవరూ మధ్యలో లేచి వెళ్ళరన్న ధైర్యంతో మొదలుపెడుతున్నాను. నేను ఎంచుకున్న విషయం ఎదుటి మనిషి స్వభావాన్ని పోల్చుకోవటం. ముప్ఫై ఏళ్ళు ఒకే కప్పు కింద పనిచేసినవాళ్ళం, ఒకరి సంగతి ఒకరికి తెలియదా అని మీరనవచ్చు. తెలుసుననే అందరం అనుకుంటాం. చిక్కంతా అక్కడే ఉంది.

ఆఫీసులో మనకో అలవాటుండేది. కొత్త ఆఫీసరు జాయినైన రోజు సాయంత్రానికల్లా క్యాంటీన్‌లో ఆయన జాతకం తయారయ్యేది. ఈయన చండశాసనుడు, ఆయన మెతక మనిషి, ఫలానా గుమాస్తా నోట్లో నాలుక లేనివాడు, ఫలానా టైపిస్టు గడసరి. ఒకసారి పేరు పడిందంటే బదిలీ అయినా ఆ పేరు వదలదు. మనిషి కంటే ముందే కొత్త ఆఫీసుకు చేరిపోతుంది. ఎల్.పి.సి. రావటానికి నెల పట్టేది గాని, ఈ కబురు చేరటానికి ఒక్కరోజు చాలు!

ఇది మన ఒక్కరి అలవాటే కాదు. స్విట్జర్లాండు దేశపు కార్ల్ యూంగ్ 1921లో మనుషుల రకాల మీద పెద్ద గ్రంథమే రాశాడు. అంతర్ముఖులు, బహిర్ముఖులు అనే మాటలు అక్కడినుంచే ప్రచారంలోకి వచ్చాయి. అచ్చంగా ఏదో ఒకటే అయిన మనిషి ఉండడని ఆయనే అన్నాడు. దాని ఆధారంగా రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికాలో ఒక తల్లీకూతుళ్ళు, కాథరిన్ బ్రిగ్స్, ఇసబెల్ మయ్యర్స్, ఒక ప్రశ్నావళి తయారుచేశారు. మనుషుల్ని పదహారు రకాలు చేసి, ఒక్కొక్క రకానికి నాలుగేసి ఇంగ్లీషు అక్షరాలు కేటాయించారు. కంపెనీల్లో పనిచేసే మీ మనవల్ని అడగండి, నేను ఐ.ఎన్.టి.జె., మా మేనేజరు ఇ.ఎస్.ఎఫ్.పి. అని గోత్రం చెప్పినట్టు చెబుతారు. అదే మనిషి ఐదు వారాల తర్వాత మళ్ళీ జవాబులు రాస్తే సగం మంది దాకా మరో రకంలోకి పోతారని ఈ పరీక్షను పరిశీలించినవారు విమర్శించారు. తన సంగతి తాను రాసుకుంటేనే ఇంత తేడా వస్తుంటే, ఎదుటివాడి నాలుగక్షరాలు మనం ఊహించి చెప్పటం ఎంతవరకు కుదురుతుందో మీరే ఆలోచించండి.

ఇక మన కొంప ముంచిన సి.ఆర్.ల దగ్గరకు వస్తాను. థార్న్‌డైక్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1920లో ఒక పత్రం ప్రచురించాడు. సైన్యంలో అధికారులు కింది వారికి దేహదారుఢ్యానికి, తెలివికి, నాయకత్వానికి, శీలానికి విడివిడిగా మార్కులు వేశారు. తీరా చూస్తే ఒకదానిలో ఎక్కువ వచ్చినవాడికి అన్నిటిలోనూ ఎక్కువే! ఒడ్డూ పొడుగూ బాగున్నవాడు తెలివిగలవాడూ అయిపోయాడు, నీతిమంతుడూ అయిపోయాడు. అధికారి మనసులో మొత్తంమీద పడిన ఒక్క ముద్రే అన్ని గడుల్లోకీ పాకిందన్నమాట. మన సి.ఆర్. ఫారాలు ఎన్ని గడులున్నా నిండింది ఈ పద్ధతిలోనే అని ఎస్టాబ్లిష్‌మెంట్ సీటులో కూర్చున్నవారెవరైనా ఒప్పుకుంటారు.

దేవ్ దత్ కేసు మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. సరిహద్దు రోడ్ల విభాగంలో ఇంజనీరాయన. ప్రమోషనుకు 'చాలా బాగు' ఉండాలి. ఒక్క సంవత్సరం, 1993-94లో, 'బాగు' అని రాశారు. అది చెడ్డ మాట కాదు గనుక ఆయనకు తెలియపరచలేదు. ఆ ఒక్క మాటతో ప్రమోషను పోయింది. ఏ వ్యాఖ్య రాసినా, మంచిదైనా చెడ్డదైనా, ఉద్యోగికి తెలియజేసి జవాబు చెప్పుకునే అవకాశం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2008 మే నెలలో తీర్పు చెప్పింది. అప్పటికే ఆయన రిటైరయ్యారు. 2009లో కేంద్ర ప్రభుత్వం ఆ నివేదిక పేరు మార్చి, మొత్తం నివేదికను ఉద్యోగికి చూపించాలని ఉత్తర్వులిచ్చింది. మనలో చాలామందికి ఆ భాగ్యం దక్కలేదు. మన గురించి ఏం రాశారో నేటికీ మనకు తెలియదు.

ఇంతకూ ఎందుకు పొరబడతాం? మనిషి చేసే పనిని చూస్తాంగాని, ఆ పని చేయిస్తున్న పరిస్థితిని చూడం. అమెరికాలో జోన్స్, హారిస్ అనే ఇద్దరు 1967లో ఒక చిత్రమైన ప్రయోగం ప్రకటించారు. క్యూబా నాయకుడు కాస్ట్రోను సమర్థిస్తూనో, వ్యతిరేకిస్తూనో రాసిన వ్యాసాలు కొందరిచేత చదివించారు. ఏ పక్షం రాయాలో పై వాళ్ళే నిర్ణయించారు, రాసినవాడికి స్వేచ్ఛ లేదని ముందే చెప్పారు. అయినా సమర్థిస్తూ రాసినవాడు కాస్ట్రో అభిమానే అయ్యుంటాడని చదివినవాళ్ళు మొగ్గారు. మనకింత దూరం పోనక్కరలేదు. పెళ్ళిచూపులు చాలు. తల వంచుకో, అడిగినదానికే జవాబు చెప్పు అని పిల్లకు నేర్పి కూర్చోబెట్టేదీ మనమే, ఇంటికొచ్చి పిల్ల నెమ్మదస్తురాలని మురిసిపోయేదీ మనమే. ఆ తర్వాత, పెళ్ళికి ముందు ఇలా లేదే అనేదీ మనమే.

నాతో పనిచేసిన ఒక గుమాస్తా ఉండేవాడు. పేరు చెప్పను. పదిన్నరకు రావటం, తలొంచుకుని పనిచేయటం, ఐదు కాగానే సంచీ తీసుకుని వెళ్ళిపోవటం. టీకి రాడు, పిక్నిక్కు రాడు. చొరవ లేదు, కలుపుగోలుతనం లేదు అని ఆఫీసర్లు ఒకరి తర్వాత ఒకరు అనుకున్నారు. జనంతో వ్యవహరించే సీటు ఏనాడూ ఇవ్వలేదు. ఒక ఏడు శ్రీరామనవమికి మా అత్తగారి ఊరు వెళ్తే, పక్క ఊళ్ళో పద్యనాటకం. దుర్యోధన వేషం అతనిది. మైకు ఆగిపోయినా చివరి వరుసకు వినిపించే గొంతు. నాటకానికి చందాలు పోగుచేసిందీ, తగవుపడ్డ హార్మోనిస్టును బుజ్జగించి తీసుకొచ్చిందీ అతనేనట. ఐదింటికి పరుగెత్తటం పాసింజరు బండి కోసం. ఇంట్లో మంచం పట్టిన తల్లి. బండి తప్పితే రాత్రి తొమ్మిది దాకా మరొకటి లేదు. ఇతను అంతర్ముఖుడా, బహిర్ముఖుడా? ఏ గడిలో టిక్కు పెడతారు? నన్నడిగితే, ఆఫీసులో మేం చూసింది అతని స్వభావాన్ని కాదు, పాసింజరు బండి టైమును.

అలాగని మనిషి మనిషికి బొత్తిగా తెలియడనీ కాదు. 2010లో సిమిన్ వజీర్ అనే పరిశోధకురాలు ఈ విషయమే పరీక్షించింది. వాగుడుకాయా, మితభాషా అన్నది తనకూ తెలుస్తుంది, స్నేహితులకూ తెలుస్తుంది. తెలివితేటల సంగతి తనకంటే స్నేహితులే మెరుగ్గా చెప్పగలరు. (ఇది నచ్చనివాళ్ళు నవ్వనక్కరలేదు.) లోపల ఉండే దిగులు, ఆందోళన మాత్రం ఆ మనిషికే బాగా తెలుసు, స్నేహితులు సరిగా పోల్చుకోలేరు. అంటే అన్నిటికంటే ముందు తెలుసుకోవలసిందే బయటికి కనపడదు.

మన వయసుకు ఇంకొక చిక్కు తోడవుతుంది. శరీరమే మనిషికి వేషం కడుతుంది. పెద్దతనంలో చెవి పోయేటప్పుడు ముందుగా పోయేవి సన్నని ధ్వనులు. స, శ, ఫ వంటివి అందవు. మాట్లాడుతున్నారని తెలుస్తుంది, ఏమన్నారో తెలియదు. పదిమంది గోలలో మరీ కష్టం. రెండుసార్లు 'ఆఁ?' అన్నాక మూడోసారి అడగటానికి సిగ్గుపడి నవ్వి ఊరుకుంటాడు. కొన్నాళ్ళకు సభలకు రావటమే మానేస్తాడు. మనం గర్వమంటాం. పార్కిన్సన్ జబ్బులో ముఖ కండరాలు బిగుసుకుపోతాయి, గొంతు తగ్గిపోతుంది, రెప్పపాటు కూడా తగ్గుతుంది. లోపల సంతోషమున్నా ముఖం మీదికి రాదు. పలకరిస్తే ముఖం గంటు పెట్టుకున్నాడని మనం నొచ్చుకుని వచ్చేస్తాం. ఇక తరచు మూత్రానికి లేవవలసినవాడు మన బస్సు యాత్రకు రమ్మంటే ఏం సాకు చెబుతాడో వేరే చెప్పాలా? వృద్ధాప్యంలో డిప్రెషన్ కొందరిలో ఏడుపుగా కాక చిరాకుగా కనిపిస్తుందని డాక్టర్లు చెబుతారు. 'మొదటినుంచీ అంతే, ముక్కోపి' అన్నామంటే వైద్యం దాకా పోయే దారి మూసేసినట్టే.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, మన సంఘం రిజిస్టరులో రెండేళ్ళుగా సమావేశాలకు రాని సభ్యుల జాబితా ఉంది. పద్నాలుగు పేర్లు. రిమార్కుల గడిలో కొందరి ఎదుట 'ఆసక్తి లేదు' అనీ, ముగ్గురి ఎదుట 'కలివిడి మనిషి కాదు' అనీ రాసి ఉంది. ఎవరు రాశారో నేనడగను. ఆ ముగ్గురిలో ఒకరు ఒకప్పుడు మన సమ్మెలో గేటు దగ్గర నిలబడి నినాదాలిచ్చిన మనిషి.

కార్యవర్గానికి నా మనవి ఒక్కటే. ఆ గడి కొట్టేసి, అక్కడ ఎవరు వెళ్ళి చూసివచ్చారు, ఏ తేదీన అని రాయండి. ఒక్కొక్కరి ఇంటికి ఇద్దరేసి వెళ్ళాలి. ఫోను చాలదు, చెవి వినపడనివారికి ఫోను మరీ కష్టం. ఎదురుగా, వెలుతురులో కూర్చుని, నిదానంగా మాట్లాడండి. కమ్యుటేషన్ సంగతులు తర్వాత. ముందు ఒంట్లో ఎలా ఉందో, ఇంట్లో ఎలా ఉందో అడగండి. మొదటి రెండు పేర్లు నాకు రాయండి, ఈ ఆదివారం వెళ్తాను. నాతో రాదలచినవారు భోజనాల దగ్గర చెప్పండి.