చిన్న ట్రాక్టరుకు మన చేతి హిచ్
(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగం)



తెనాలి, బాపట్ల, రేపల్లె ఊళ్ళలో వెల్డింగు, లేతు, మెకానిక్ పనులు చేసుకు బ్రతికే కుటుంబాలు మనలో ఉన్నాయి. పనితనానికి లోటు లేదు. కాని విరిగింది తెస్తే అతికించి, ఇచ్చిన కూలి పుచ్చుకోవడంతోనే రోజు గడిచిపోతోంది. వస్తువు మనమే చేసి, ధర మనమే చెప్పే స్థితికి ఎందుకు రాకూడదు? ఈ విషయం మీదే నాలుగు మాటలు మనవి చేస్తాను. ఉదాహరణకు చిన్న ట్రాక్టరు వెనుక నాగలినీ, గొర్రునూ తగిలించే హిచ్‌ను తీసుకుందాం.

తెనాలి చుట్టూ నిమ్మతోటలు, దుగ్గిరాల వైపు పసుపు, కొల్లూరు వైపు అరటి. వరుసల మధ్య పెద్ద ట్రాక్టరు తిరగదు గనుక రైతు చిన్నది కొంటాడు. అయితే ఇంట్లో ఉన్న పనిముట్టుకూ ఆ ట్రాక్టరుకూ పొత్తు కుదరదు. ఆ పొత్తు కుదిర్చే పని మన వాళ్ళ చేతిలో ఉంది.

ఇది చిన్న పని అనుకోకండి. మాస్సీ ఫెర్గూసన్ ట్రాక్టరు పేరులో ఉన్న హ్యారీ ఫెర్గూసన్ మొదట బెల్ఫాస్ట్‌లో మోటారు షాపు నడిపిన మెకానిక్కే. 1917లో ఆయన పేరు తెచ్చుకోవడం మొదలైంది సొంత ట్రాక్టరుతో కాదు, ఇతరుల బండికి సరిపోయే నాగలీ, దాని తగిలింపుతోనే. తర్వాత అమెరికాలో ఫోర్డ్‌సన్ ట్రాక్టర్లకు నాగళ్ళు చేసి అమ్మే కంపెనీలో భాగస్వామి అయ్యాడు. 1928లో అక్కడ ఫోర్డ్‌సన్ తయారీ ఆగిపోయింది. ఆ వ్యాపారానికి గట్టి దెబ్బ తగిలింది. ఇందులో మనకు పాఠం ఉంది. ఒక్క మోడల్‌ను నమ్ముకుని సరుకు పేర్చుకోకూడదు. ఆయన మూడు పాయింట్ల హిచ్ 1939లో ఫోర్డ్ ట్రాక్టరు మీద వచ్చింది. ఈనాడు లోకమంతా ఆ పద్ధతే.

దాని కీలకం చెబుతాను. గొలుసును ఇరుసుకంటే ఎత్తున కట్టి లాగితే, నాగలి వేరుకు తట్టుకున్నప్పుడు ముందు చక్రాలు లేచి ట్రాక్టరు వెనక్కు తిరగబడుతుంది. తోలేవాడి ప్రాణం పోతుంది. మూడు పాయింట్ల పద్ధతిలో కింది రెండు చేతులూ లాగుతాయి. పైలింకు బండిని ముందుకు నెడుతుంది. అందువల్ల ముందు చక్రాలు నేలను వదలవు. నేల పట్టు బరువు వెనుక చక్రాల మీద పడి జారుడు తగ్గుతుంది. అందుచేత మన చేతి వెల్డింగు కింద ఒక మనిషి ప్రాణం ఉందని మరువకూడదు.

కొలతలు కంటి అంచనాతో పెట్టవద్దు. కేటగిరీ ఒకటి అనే ప్రమాణంలో కింది పిన్ను 22 మిల్లీమీటర్లు, పై పిన్ను 19. కింది పిన్నుల మధ్య 683, అక్కడినుంచి పై పిన్ను ఎత్తు 460 మిల్లీమీటర్లు. ఇంకా చిన్న బండ్లకు ఇంతకంటే ఇరుకు కొలతలుంటాయి. కొలిచి చూసుకున్నాకే ఇనుము కోయాలి. రంధ్రాలు గ్యాసుతో కాల్చకుండా డ్రిల్లుతో వేయాలి. మెత్తని ఇనుప కడ్డీ పిన్నుగా పనికిరాదు, త్వరగా అరిగిపోతుంది. గేరుబాక్సు పోత ఇనుముకు వెల్డింగు పెట్టవద్దు, పగులుతుంది. కంపెనీ ఇచ్చిన బోల్టు రంధ్రాలకే బిగించాలి. మన డెల్టా గాలిలో తేమ ఎక్కువ, వెల్డింగు రాడ్లను పొడిగా దాచుకోవాలి.

ఇక ధర సంగతి. మాటవరసకు ఒక హిచ్‌కు ఇనుము 3,000, పిన్నులు బోల్టులు 800, రాడ్లు కరెంటు 500 రూపాయలు అనుకుందాం. మొత్తం 4,300. 6,500కి అమ్మి 2,200 మిగిలాయని సంతోషిస్తాం. కాని ఇద్దరు మనుషులు రెండు రోజులు చేసిన కూలి 3,200, తర్వాత ఊరికే చేసిపెట్టే మరమ్మతుకు 500 కలిపితే అసలు ఖర్చే 8,000. అంటే 1,500 చేతినుంచి పోయాయన్న మాట. అందుకే ఇంట్లో చదువుకున్న ఆడపిల్ల చేత లెక్కపుస్తకం రాయించండి. తండ్రి మొహమాటపడి వదిలేసిన కూలి కూడా ఆ పుస్తకంలో కనబడుతుంది.

అమ్మకానికి అదను ముఖ్యం. కాలువకు నీళ్ళు వదిలి దమ్ములు మొదలయ్యాక రైతుకు తీరిక ఉండదు, ఎండాకాలంలోనే చూపించాలి. మొదటిది తెలిసిన రైతు పొలంలో ఒక సీజను తిప్పి, ఎక్కడ అరిగిందో చూసి, అప్పుడే రెండోది చేయాలి. బాపట్లలో 1983 నుంచి వ్యవసాయ ఇంజనీరింగు కళాశాల ఉంది. వెళ్ళి పెద్దలకు చూపించి సలహా అడగడంలో నామోషీ లేదు. అరువిచ్చేటప్పుడు కనీసం ఇనుము డబ్బు ముందే పుచ్చుకోండి.

పెట్టుబడికి 2008లో మొదలైన ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకంలో మైనారిటీలను ప్రత్యేక వర్గంగా చేర్చారు. పట్టణంలో 25 శాతం, పల్లెలో 35 శాతం సబ్సిడీ, సొంత వాటా 5 శాతం అని నిబంధన. దరఖాస్తు పెట్టే నాటి నిబంధనలు బ్యాంకులో కనుక్కోండి. ఉద్యమ్ రిజిస్ట్రేషనుకు రుసుము లేదు, దళారికి డబ్బివ్వకండి.

ఒక్కడికి సాధ్యం కాకపోతే వెల్డరు, లేతు పనివాడు, అమ్మగలవాడు ముగ్గురు కలవండి. వాటాలు ముందే కాగితం మీద రాసుకోండి. చేసిన ప్రతి హిచ్ మీద షాపు పేరు, నంబరు కొట్టండి. విరిగితే ఎవరి దగ్గరికి రావాలో రైతుకు తెలియాలి. రావడానికి భయపడని వస్తువు చేసినవాడికే రెండో బేరం వస్తుంది.