పిత్తనాళపు రాళ్లు: మందు చేయగల మేలు, దాని మేర



కడుపులో రాయి యున్నదని వైద్యుడు చెప్పగానే రోగి మొదట అడుగునది, "కోత లేకుండ మందుతో కరగదా?" అని. ఈ ప్రశ్న సహజమైనదే. కోత యనిన భయము, ఖర్చు, పనిదినముల నష్టము. అయితే రాయి ఏ జాతిదో, ఎచ్చట నున్నదో తెలిసినగాని దీనికి సమాధానము చెప్ప వీలులేదు.

కాలేయము పైత్యరసమును తయారుచేయును. అది పిత్తాశయమను చిన్న తిత్తిలో నిలువయుండి, భోజనానంతరము పిత్తనాళము గుండ చిన్నప్రేగులో చేరును. ఆ రసములో కొలెస్టరాలను కొవ్వు పదార్థమును, దానిని కరగించి యుంచు పిత్తలవణములును గలవు. ఈ రెంటి జమాఖర్చు సరిపోయినంత కాలము చిక్కులేదు. కొలెస్టరాలు మిగులుపడినచో ఆ మిగులే గడ్డకట్టి రాయి యగును. రక్తపు రంగుపదార్థముతోను, సున్నముతోను ఏర్పడు నల్లని, గోధుమవన్నె రాళ్లు వేరొక జాతి.

1902లో స్వీడను దేశీయుడగు హమ్మార్‌స్టెను ధ్రువపు ఎలుగుబంటి పైత్యములో ఒక ఆమ్లమును కనుగొనెను. 1927లో జపానులోని ఒకయామాలో షోడా దానిని శుద్ధముగా వేరుచేసెను. ఎలుగుబంటికి లాటిను భాషలోనున్న పేరునుబట్టి అది ఉర్సోడియాక్సీకోలిక్ ఆమ్లమైనది. అట్టిదే వేరొక ఆమ్లముతో రాళ్లు కరగినవని 1972లో అమెరికా వైద్యులు ప్రకటించిరి. కాని దానివలన విరేచనములు, కాలేయమునకు బాధ కలుగుచుండెను. 1975లో జపాను వైద్యులు ఉర్సో ఆమ్లముతోను రాళ్లు కరగునని తెలిపిరి. 1987లో అమెరికా ప్రభుత్వము దానికి అనుమతి నొసగెను.

ఈ మందు కాలేయమునుండి వచ్చు కొలెస్టరాలును తగ్గించును. అంతట పైత్యరసము రాతిని కొంచెము కొంచెముగా కరగించుకొనును. కాని రాయి చిన్నదై, కొలెస్టరాలు జాతిదై, పిత్తాశయము చక్కగా పనిచేయుచుండవలెను. ఆరు మాసములనుండి రెండేండ్ల వరకు మందు విడువరాదు. కరగినవారిలో సుమారు సగముమందికి ఐదేండ్లలో రాళ్లు మరల పుట్టును. సున్నపు రాళ్లు, రంగు రాళ్లు దీనికి లొంగవు.

ఇది పిత్తాశయపు సంగతి. రాయి జారి పిత్తనాళములో పడినచో వ్యవహారమే మారును. కాలువ తూములో రాయి యడ్డుపడినట్లు పైత్యము వెనుకకు నిలిచిపోవును. కన్నులు పచ్చబడును, మూత్రము ముదురు రంగగును, కుడి డొక్కలో నొప్పి, చలిజ్వరము వచ్చును. నిలిచిన రసము చీముపట్టి విషము రక్తములో ప్రవేశించును. క్లోమము వాచుటయు గలదు. రెండేండ్లలో పనిచేయు మందు రెండు దినములలో ముంచుకొనివచ్చు ఆపదకు చాలదు. నాళములోనికే గొట్టము ద్వారా మోనోఆక్టనాయిన్ అను ద్రావకమును దినములతరబడి ఎక్కించు పద్ధతి 1980 దశకమున నుండెను. అదియు కొందరికే ఫలించెను, పిదప మూలబడెను.

పచ్చకామెర్లనగానే పసరు పోయించుట పల్లెలలో అలవాటు. కొండపిండి కషాయము త్రాగించువారును గలరు. సుశ్రుతసంహిత నిదానస్థానమున వర్ణింపబడిన అశ్మరి మూత్రపు రాయి. కొండపిండి వాడుకయు దానికే. రాయి యను పేరొక్కటే యని ఒకదాని మందు వేరొకదానికి వాడుట, ఒకరి శిస్తు మరియొకరి పట్టాకు జమకట్టుట వంటిది.

కోతకు భయపడువారికి ఊరట లేకపోలేదు. 1974లో జర్మనీ, జపాను వైద్యులు నోటిద్వారా దుర్భిణి గొట్టమును పంపి, నాళపు ముఖద్వారమును కొద్దిగా చీల్చి, రాతిని తీయు విధానమును వెల్లడించిరి. పొట్టపై గాటు పడదు. హైదరాబాదువంటి నగరములలో ఈ చికిత్స నేడు లభించుచున్నది. రాళ్లు మరల రాకుండుటకై పిదప పిత్తాశయమును తీసివేయుట సాధారణముగా అవసరమగును.

కావున మందును నిందింపనక్కరలేదు, దానిని మించి ఆశింపనుగూడదు. పిత్తాశయములో కదలక యున్న చిన్న రాతి విషయమున వైద్యునితో తీరికగా ఆలోచించవచ్చును. కన్ను పచ్చబడి, చలిజ్వరము, డొక్కనొప్పి కలిసివచ్చిన దినమున మాత్రము పసరుకొరకు గాని, మాత్రకొరకు గాని ఎదురుచూడక, తెల్లవారులోగా రోగిని పెద్దాసుపత్రికి చేర్చవలెను. ఆ ఒక్క రాత్రి ఆలస్యమే ప్రాణము తీయవచ్చును.