లిఫ్టు తలుపు రెండు మూరలుండాలె

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో వికలాంగుల సంఘాల తరఫున చేసిన ప్రసంగం)



పొదుపు గురించి, బ్యాంకు లింకేజీ గురించి ముందు మాట్లాడిన అక్కలు మంచిగ చెప్పిండ్రు. నేను లిఫ్టు తలుపు గురించి చెప్త. నవ్వకుండ్రి. రాయికోడ్‌ల లిఫ్టు యాడుంది అని మీరు అనుకుంటున్నరు, నాకు తెలుసు. కానీ వైకల్యం సర్టిఫికెట్‌కో, ఆపరేషన్‌కో, ఆఫీసు పనికో సంగారెడ్డి, హైదరాబాదు పోక తప్పదు కదా. మెట్లు ఎక్కలేని మనిషికి ఆ తలుపు పట్టకపోతే, పైన డాక్టరు ఉన్నా లేనట్టే.

రెండేండ్ల కింద మా సంఘం సభ్యురాలిని పట్నంల ఒక దవాఖానకు తీసుకపోయిన. పాత బిల్డింగు. చేత్తో లాగే ఇనుప జాలి తలుపు. చక్రాల కుర్చీ ముందు చక్రాలు పోయినయి, వెనుక పెద్ద చక్రాలు రెండు దిక్కుల తట్టుకున్నయి. ఎనకనున్న జనం తొందర చేస్తున్నరు. ఆఖరికి వాళ్ల తమ్ముడు ఆమెను ఎత్తుకొని మూడంతస్తులు ఎక్కిండు. నలభై దాటిన మనిషి. డాక్టరు ముందర కూసున్నంక కూడా తల ఎత్తలేదు. నొప్పి ఎక్కడని అడిగితే సరిగ చెప్పలేదు, మందులు రాయించుకొని వచ్చినం.

ఆ తలుపుకు కొలత ఉంటదని మాకప్పుడు తెల్వదు. కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన కొలతల ప్రకారం, తలుపు తెరిస్తే ఖాళీ జాగ కనీసం 900 మిల్లీమీటర్లు ఉండాలి. మన లెక్కల రెండు మూరలు. టేపు లేకున్నా మోచెయ్యి పెట్టి చూడొచ్చు. తెరిచిన తలుపు కనీసం 5 సెకన్లు ఆగాలి. మూసుకునే వేగం సెకనుకు పావు మీటరు దాటొద్దు, అంటే సుమారు జానెడు. కర్ర పట్టుకొని నడిచే అవ్వకు ఈ 5 సెకన్లే పెద్ద సాయం. కండ్లు కనపడనోళ్లకు ఏ అంతస్తు వచ్చిందో, తలుపు తెరిచిందో మూసిందో శబ్దంతో తెలియాలి. బటన్లు కూసున్న మనిషి చెయ్యికి అందాలి, వాటి మీద బ్రెయిలీ చుక్కలుండాలి.

ఒక మాట మనందరికీ. బాణాలు బయటి దిక్కు చూపే బటన్ ఉంటది. అది నొక్కి పట్టుకుంటే తలుపు మూసుకోదు. కుర్చీ వస్తుంటే లోపలున్నోళ్లు అది పట్టుకోవాలి, చెయ్యి అడ్డం పెట్టొద్దు. జాలి తలుపుల కాడ కొంగు దోపుకోండ్రి.

ఇక చట్టం. 2016ల వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం 44వ సెక్షన్ ప్రకారం, ఈ కొలతలు లేని ప్లానుకు అనుమతి ఇయ్యొద్దు, కట్టినంక పూర్తయినట్టు సర్టిఫికెట్ కూడా ఇయ్యొద్దు. అప్పటికే ఉన్న ప్రజా భవనాలకు, నిబంధనలు వచ్చినప్పటి నుంచి 5 ఏండ్లు గడువిచ్చిండ్రు. నిబంధనలు 2017 జూన్‌ల వచ్చినయి. గడువు ఎప్పుడు తీరిందో మీరే లెక్కేయండ్రి. చట్టాన్ని మీరితే మొదటిసారి 10,000 రూపాయల దాకా జరిమానా. మల్ల మీరితే 50,000 నుంచి 5 లక్షల దాకా. 2024 నవంబర్‌ల సుప్రీంకోర్టు కూడా ఇవి చేస్తే చెయ్యి, లేకుంటే లేదు అన్నట్టు ఉండొద్దని, తప్పనిసరి నిబంధనలు తేవాలని కేంద్రానికి చెప్పింది.

అడగకుండ ఏ తలుపూ వెడల్పు కాదు. సోమవారం కలెక్టరేట్‌ల ప్రజావాణి ఉంటది, అక్కడ అర్జీ ఇయ్యొచ్చు. రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కు రాయొచ్చు. ఒక్కరు పోతే కూసోబెడ్తరు, సమాఖ్య తీర్మానం కాయితంతో పోతే ఇనక తప్పదు.

అందుకే నాది ఒక్కటే అడుగుడు. ఈ నెల ఎవరు ఏ దవాఖానకు, ఏ ఆఫీసుకు పోయినా ఆ లిఫ్టు తలుపు కొలిచి, బిల్డింగు పేరు, ఎన్ని మూరలున్నదో రాసి మీ గ్రామ సంఘం లీడరుకు ఇయ్యండ్రి. వచ్చే సమావేశం నాటికి నా చేతికొస్తే, అర్జీలు నేను రాస్త.